"గవర్నమెంట్ 70 కార్డు" అని చెప్పి మా నాన్నకి అంటగట్టిన పాలసీ గురించి ఫిర్యాదు

గుంటూరు,
19-01-2026

ఫిర్యాదుల విభాగం మేనేజర్ గారికి,

నమస్కారమండీ. మీ కస్టమర్ కేర్‌కి మూడుసార్లు ఫోన్ చేశాను, మూడుసార్లూ వేరే వేరే వాళ్ళు ఎత్తారు, ప్రతిసారీ మొదట్నుంచి రామాయణం అంతా చెప్పించుకుని చివర్లో "మెయిల్ పెట్టండి మేడమ్" అన్నారు. అందుకే రాస్తున్నా. కొంచెం పొడుగే, కానీ పూర్తిగా చదవండి.

మా నాన్నకి 73. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో 40 ఏళ్ళు గుమాస్తాగా చేసి మానేశారు. అమ్మా ఆయనా ఇక్కడ బ్రాడీపేటలో ఉంటారు, నేను విజయవాడలో. పోయిన నవంబర్లో మీ కంపెనీ తరఫున అని ఒకతను ఫోన్ చేసి, "70 దాటినవాళ్ళకి సెంట్రల్ గవర్నమెంట్ 5 లక్షల కార్డు ఇస్తంది కదా బాబాయ్ గారూ, మీది ఇంకా యాక్టివేట్ అవ్వలేదు, జీఎస్టీతో కలిపి 36,750 కడితే మీకూ పిన్నిగారికీ ఇద్దరికీ వచ్చేస్తది, నెలాఖరుకి క్లోజ్ అయిపోద్ది" అన్నాడంట. అలాంటి కార్డు ఒకటి ఉందని నాన్న పేపర్లో చదివి ఉన్నారు, అందుకే నమ్మారు. రెండ్రోజులకి ఒక కుర్రాడు బండి మీద ఇంటికొచ్చి, పెన్సిల్‌తో టిక్కులు పెట్టిన చోటల్లా సంతకాలు పెట్టించుకుని, చెక్కు తీసుకుని, అమ్మ ఇచ్చిన కాఫీ కూడా తాగి వెళ్ళాడు. డిసెంబర్లో వాడే వచ్చి ఒక ప్లాస్టిక్ కార్డు ఇచ్చాడు. నాన్న దాన్ని ఆధార్ కార్డుతో కలిపి బీరువాలో పెట్టుకున్నారు.

సంక్రాంతికి నేను వచ్చినప్పుడు తెలిసింది, నాన్నకి గజ్జల్లో వాపు, నెల నుంచీ ఎవరికీ చెప్పలేదు. డాక్టర్ చూసి హెర్నియా, అంత అర్జెంటు కాదు గానీ ఆపరేషన్ చేయించుకోవాల్సిందే అన్నారు. నాన్న ధీమాగా "గవర్నమెంట్ కార్డు ఉందమ్మా" అని జేబులోంచి తీసి ఇన్సూరెన్స్ కౌంటర్లో ఇచ్చారు. ఆ అమ్మాయి కంప్యూటర్లో కొట్టి చూసి, ఇది గవర్నమెంటుది కాదండీ ప్రైవేట్ పాలసీ, హెర్నియాకి 24 నెలలు వెయిటింగ్, అంటే అప్పటిదాకా క్లెయిమ్ రాదు, షుగర్‌కి సంబంధించినవైతే 36 నెలలు, ఆ తర్వాత కూడా బిల్లులో 20 శాతం మీరే కట్టుకోవాలి అంది. నాన్న మొహం చూడలేకపోయాను. 40 ఏళ్ళు వేరేవాళ్ళ లెక్కలు పైసా తేడా లేకుండా రాసిన మనిషండీ.

మీ ఏజెంట్లకి నిజంగానే తెలీదేమో అని అసలు సంగతి కూడా రాస్తున్నా, ట్రైనింగ్‌లో పనికొస్తది. 70 దాటినవాళ్ళకి ఆయుష్మాన్ భారత్ ఇవ్వాలని సెంట్రల్ కేబినెట్ ఓకే చేసింది 2024 సెప్టెంబర్ 11న, మొదలుపెట్టింది అక్టోబర్ 29న. కార్డు పేరు ఆయుష్మాన్ వయ వందన. ఆదాయంతో పని లేదు. నేను ఐటీ కడతానని మా ఇంటికి రైస్ కార్డు లేదు, అయినా నాన్నకి ఇది వస్తది. ప్రీమియం ఒక్క రూపాయి లేదు, క్లోజింగ్ డేట్ లేదు, వెయిటింగ్ లేదు, ముందునుంచీ ఉన్న జబ్బులకి కూడా మొదటిరోజు నుంచే వర్తిస్తది. ప్రైవేట్ పాలసీ ఉన్నా తీసుకోవచ్చు. ఇక అమ్మ సంగతి, ఆమెకి 66, ఈ కార్డు ఆమెకి రానే రాదు. భార్యాభర్తలిద్దరూ 70 దాటితే ఆ 5 లక్షలే ఇద్దరికీ కలిపి. "పిన్నిగారికి కూడా" అనే మాట మీవాడు ఎక్కడినుంచి తెచ్చాడో మీరే అడగండి. అన్నట్టు ఇండివిడ్యువల్ హెల్త్ పాలసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచే తీసేశారు, మీ రసీదులో కూడా ఆ లైన్ లేదు, మరి ఫోన్లో జీఎస్టీతో కలిపి అని ఎందుకు చెప్పాడు?

ఆ రోజు రాత్రే ఇంట్లో కూర్చుని ఆయుష్మాన్ యాప్‌లో నాన్న ఆధార్ కొట్టాను, ఆయన కీప్యాడ్ ఫోన్‌కి ఓటీపీ వచ్చింది, ఫోటో తీశాను, అంతే. దీనికి 36,750 తీసుకున్నారు మీరు!

పాలసీ కాపీ నాకు మొన్న 17న మీ కస్టమర్ కేర్ మెయిల్ పెట్టాక గానీ చూడలేదు. అందులో షుగర్, బీపీ రెండూ "లేవు" అని ఉంది. నాన్నకి 15 ఏళ్ళుగా షుగర్, మీ కుర్రాడి ముందే మాత్ర వేసుకున్నారంట. అంటే రేపు మూడేళ్ళు ఆగి క్లెయిమ్ వేసినా "జబ్బు దాచిపెట్టారు" అని మీరే కొట్టేసేవాళ్ళు.

ఫోన్లో మీవాళ్ళు చెప్పిన జవాబు, ఫ్రీలుక్, అంటే పాలసీ వద్దనుకుంటే వెనక్కి ఇచ్చేసే గడువు, 30 రోజులు దాటిపోయిందని. ఆ 30 రోజులు పాలసీ డాక్యుమెంట్ మా చేతికి అందిన రోజు నుంచి లెక్కేయాలండీ. మొదట్లో మీరు పాలసీ పంపిన ఈమెయిల్ ఐడీ మా ఇంట్లో ఎవరిదీ కాదు, నాన్నకి అసలు ఈమెయిలే లేదు. బాండు కొరియర్లో రాలేదు, వచ్చిందంటే సంతకం చూపించండి.

ఇంకొకావిడ "పోనీ రెండూ ఉంచుకోండి మేడమ్, మంచిదే కదా" అంది. మంచిదే కావచ్చు, గవర్నమెంట్ కార్డు లిస్టులో ఉన్న హాస్పిటల్స్‌లోనే చెల్లుద్ది, ఓపీ ఖర్చులు రావు, పైన ఒక ప్రైవేట్ పాలసీ ఉంటే తప్పేం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మి ఉంటే నేనే కట్టేదాన్నేమో.

సాక్ష్యం ఏముంది అని అడిగారు. నాన్న ఇప్పటికీ చిట్టా రాస్తారు. ఆ రోజు పేజీలో తారీఖు, ఫోన్ వచ్చిన టైము, నంబరు, "గవర్నమెంట్ 70 కార్డు, ఇద్దరికి, రూ. 36,750 ఖర్చు" అని ఉంది. చెక్కు కౌంటర్ ఫాయిల్ మీద కూడా అదే రాశారు. రెండింటి ఫోటోలు, డాక్టర్ చీటీ, ప్లాస్టిక్ కార్డు ఫోటో దీంతో పెడుతున్నా. మీ దగ్గర కాల్ రికార్డింగ్ ఉంటది కదా, అది బయటికి తీసి చిట్టా పక్కన పెట్టి వినండి. దాని కాపీ నాకూ కావాలి.

నేను అడిగేది పాలసీ మొదట్నుంచీ రద్దు చేసి 36,750 మొత్తం, కోతలు లేకుండా వెనక్కి ఇవ్వమని. ఆ ఫారం ఎవరు నింపారో రాతపూర్వకంగా చెప్పమని. రెండు వారాలు చూస్తాను, ఆ తర్వాత బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ వాళ్ళ ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసాలో పెడతాను, నెల దాటితే హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తాను, అక్కడ ఫీజు కూడా లేదు.

డబ్బులు నాన్న అకౌంట్లోనే వెయ్యండి, చెక్కు ఏ బ్యాంకుదో మీకు తెలుసు. ఇంటికి మాత్రం ఎవర్నీ పంపొద్దు. అమ్మ మళ్ళీ కాఫీ ఇస్తది.

ఇట్లు,
పాలసీదారుడి కూతురు