పేరు తెలియని ఆ ఆపరేషన్ థియేటర్ సిస్టర్‌కి కృతజ్ఞతలు

కుడి భుజంలో చిరిగిన టెండాన్‌ని (కండని ఎముకకి కలిపే పట్టీ) ఆపరేషన్ చేసి కుట్టారు. నొప్పి ఉంది, నిద్ర లేదు. కానీ అయిదు వేళ్ళూ కదులుతున్నాయి, భుజం బయటి వైపు చర్మం మీద చెయ్యి వేస్తే స్పర్శ తెలుస్తోంది. అందుకు ముందుగా ఒకరికి దండం పెట్టుకోవాలి.

నా భయమంతా నరాల గురించే. భుజం మీది ఎముక అంచు నుంచి సుమారు 5 నుంచి 7 సెంటీమీటర్ల కిందుగా ఆక్సిలరీ నరం వెళ్తుందట. చేతిని పక్కకి ఎత్తే డెల్టాయిడ్ కండకి అదే ఆధారం. సంతకానికి ఇచ్చిన కాగితంలో మాత్రం 'నరాలకు హాని కలగవచ్చు' అని ఒక్క లైను. ఏ నరం, రాకుండా ఏం చేస్తారు అని అడిగితే, "అందరికీ ఇదే ఫారం, సంతకం పెట్టండి" అన్నారు. రాత్రంతా కళ్ళ ముందు ఆ లైనే.

థియేటర్‌లో వణికిపోతుంటే ఒక సిస్టర్ వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. మాస్కు పైన కళ్ళే కనబడ్డాయి. "ఎందుకమ్మా అంత టెన్షన్?" అన్నారు. చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నారు.

"సర్జన్ గారు నరం దారి చూసుకునే ఆపరేషన్‌కి చిన్న రంధ్రాలు పెడతారు. మత్తు డాక్టర్ గారు అల్ట్రాసౌండ్‌లో చూస్తూ మెడ దగ్గర మత్తు మందు ఎక్కిస్తారు. కానీ పడుకోబెట్టడం సరిగా లేకపోయినా నరం నలుగుతుందమ్మా. అది చూసుకోవడానికి మేమున్నాం."

సగం కూర్చున్నట్టుగా ఉంచి, తల కదలకుండా ఆనించారు. మెడ పక్కకి ఒరిగితే అక్కణ్ణుంచి చేతికి దిగే నరాలు సాగుతాయట. ఎడమ మోచేతి కింద మెత్త పెట్టారు, మోకాళ్ళ కింద దిండు సర్దారు. "మత్తులో ఉన్నప్పుడు తిమ్మిరెక్కినా మీరు చెప్పలేరు కదా, మీ బదులు నేను చూస్తుంటాను" అన్నారు. అంతవరకూ బిగబట్టుకున్న ఏడుపు అక్కడ ఆగలేదు. ఆవిడే దూదితో కళ్ళు తుడిచారు.

ఇంకో మాట కూడా చెప్పారు. మెడ దగ్గర ఇచ్చే ఆ మత్తుకి చెయ్యి 12 నుంచి 24 గంటలు చచ్చుబడినట్టు ఉండొచ్చు, ఆ పక్క కనురెప్ప వాలొచ్చు, గొంతు బొంగురుపోవచ్చు, మందు దిగితే సర్దుకుంటాయి అని. నాకు రెప్ప వాలింది. ఇంట్లోవాళ్ళు హడలిపోయారు, నేను బెదరలేదు.

ఈ మాటలు ప్రతి పేషెంట్‌కీ ముందే చెప్పాలి కదా! డిశ్చార్జి కాగితంలో మాత్రల వేళలున్నాయి. మత్తు దిగాల్సిన టైము దాటినా తిమ్మిరి పోకపోతే, వేళ్ళు కదలకపోతే వెంటనే ఫోన్ చెయ్యమని లేదు. చేతిని మెడకి వేలాడదీసే స్లింగు మోచేతిని నొక్కితే చిటికెన వేలు మొద్దుబారుతుందనీ లేదు. బిల్లులో దూదితో సహా అన్నీ ఉన్నాయి, ఆవిడ పేరు లేదు. అడిగితే డ్యూటీ మారిందన్నారు. ఎవరైనా గుర్తుపడితే దయచేసి ఈ పోస్టు ఆవిడకి చూపించండి.

మావారు, పిల్లలు, అక్క అన్నీ చూసుకున్నారు. వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, సర్జన్ గారికి, మత్తు డాక్టర్ గారికి చెప్పనేలేదు! నరాలన్నీ భద్రంగా ఉన్నాయంటే మీ చేతి చలవే, నమస్కారాలు. ప్రతి పూటా బొటనవేలు పైకెత్తించి, వేళ్ళు విడదీయించి చూసిన ఫిజియో అమ్మాయికి కూడా. స్ట్రెచర్‌ని కుదుపు లేకుండా తోసిన బాబుకి, నాకు జడ వేసిన పక్క బెడ్ వాళ్ళ అమ్మాయికి కూడా. ఇంకా ఎవరినైనా మర్చిపోతే ఏమీ అనుకోకండి, మందుల మగతలో రాస్తున్నాను.