వామనుడి గొడుగు విరిచిన పార్సిల్ గురించి

కొరియర్ కంపెనీ వినియోగదారుల విభాగం మేనేజరు గారికి,

నమస్కారమండి. కొండపల్లిలో మాది బొమ్మల దుకాణం. జనవరి 6న మీ విజయవాడ బ్రాంచిలో హైదరాబాద్‌కు దశావతారాల సెట్టు ఒకటి బుక్ చేశాను. సంక్రాంతి బొమ్మల కొలువుకని ఒకావిడ తెప్పించుకున్నారు. 11న చేరింది. పెట్టె విప్పుతూ ఆవిడ తీసిన వీడియో జతచేస్తున్నాను. వామనుడి గొడుగు రెండు ముక్కలైంది. పరశురాముడి చెయ్యి గొడ్డలితో సహా ఊడొచ్చి కూర్మం పక్కన పడి ఉంది. పది అవతారాలెత్తిన స్వామి మీ గోడౌను మాత్రం దాటలేకపోయాడు.

"ప్యాకింగ్ సరిగ్గా లేదమ్మా" అన్నారు మీ వాళ్లు ఫోన్లో. ఒక్కో బొమ్మకీ పాత చీర ముక్క చుట్టి, సందుల్లో కాగితం ఉండలు కూరి, ఆ పెట్టెను వరిగడ్డి పరిచిన ఇంకో పెట్టెలో పెట్టాం. ఆ పైపెట్టె మూల వీడియోలో చూడండి, లోపలికి నొక్కుకుపోయింది. ఎత్తు నుంచి పడేస్తే తప్ప అలా అవదు.

ఈ బొమ్మలు తెల్ల పొణికి కర్రవి. చేతులూ కాళ్లూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. దాని మీద సున్నం పూత, ఆపైన రంగులు. ఊడిన చెయ్యి మళ్లీ అతికించవచ్చు గానీ పగిలిన పూత గీత పోదు. మా మామగారు ఆ సెట్టు మళ్లీ మొదటి నుంచి చేస్తున్నారు.

ఇంకో మాట. పెట్టె అసలు బరువు 2.2 కిలోలు. మీరు 45, 30, 30 సెంటీమీటర్లను హెచ్చించి 5000తో భాగించి, 8.1 వచ్చిందని 8.5 కిలోలకు వసూలు చేశారు. చోటుకు డబ్బు తీసుకున్నారు కదా, ఆ చోటైనా దానికి దక్కాలి. బస్తాలో కుక్కి పైన ఇంకో నాలుగు పెట్టెలు ఎక్కించారు.

బుక్ చేసిన రోజు అక్కడే నిలబడి చూశాను. వ్యాను లోంచి ఒకబ్బాయి విసురుతుంటే షట్టరు దగ్గర ఇంకొకడు పట్టుకుంటున్నాడు, సగం పట్టుకోవడం లేదు. వాళ్లను ఏమీ అనకండి. బండి తొందరగా ఖాళీ చేయమని పైనుంచి తరుముతుంటే ఎవరైనా విసురుతారు. గోదావరి జిల్లాల కోడిగుడ్లు అట్టల్లో సర్దుకుని లారీల్లో బెంగాల్ దాకా వెళ్తున్నాయి. వాటిని ఎవరూ విసరరు, అట్టను చూస్తేనే చెయ్యి నెమ్మదిస్తుంది. మీరూ పగిలే సరుకును బస్తాల్లో కాకుండా ప్లాస్టిక్ ట్రేల్లో, చక్రాల బోన్లలో పెట్టండి. మేం అంటించే "జాగ్రత్త" కాగితం పార్సిళ్లను వేరుచేసే యంత్రానికి కనపడదు కాబట్టి, ఆ సంగతి బార్‌కోడ్‌లోనే నమోదు చేసి చేత్తో దించే వరసకు మళ్లించండి. దారిలో ఎన్నిసార్లు ఎక్కించి దించితే అన్ని దెబ్బలు. అందుకే ఈ నెల నుంచి హైదరాబాద్ సరుకు ఆర్టీసీ బస్సు కార్గోలో వేస్తున్నాను. కొన్నవాళ్లు బస్టాండుకు వెళ్లి తెచ్చుకోవాలి, అదొక్కటే ఇబ్బంది.

సెట్టు ధర 4,200, మీ ఛార్జీ 960, మొత్తం 5,160 రూపాయలు 15 రోజుల్లో చెల్లించండి. రసీదు వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న, నష్టానికి 100 రూపాయలే ఇస్తామనే షరతు నాకెవరూ చదివి వినిపించలేదు. డబ్బు చెల్లించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు ఫిర్యాదుకు అక్కడ రుసుము కూడా లేదు.

విరిగిన గొడుగు నా దగ్గరే ఉంది. మీ మనిషి వస్తే చూపిస్తాను.

ఇట్లు,
బొమ్మల దుకాణం యజమానురాలు,
కొండపల్లి