టీడీఎస్ మీటరుకు ఫ్లోరిన్ కనపడదు

ఎడిటర్ గారికి నమస్కారం,

మన నల్గొండల ఇంటింటికి తిరిగి వాటర్ ఫిల్టర్లు అమ్మేటోళ్ల గురించి రాస్తున్న, మీ జిల్లా పేజీల జాగ ఉంటే వెయ్యండి. నాది పైపులు మోటర్ల సామాను దుకాణం, ఫిల్టర్లు నేను కూడ అమ్ముత, కాబట్టి ఇది ఫిల్టర్ల మీద కోపంతోని రాసేది కాదు.

వాళ్లు చేసేది ఏందంటే రెండు గ్లాసులు పెడ్తరు, ఒకదాంట్ల మీ ఇంటి నీళ్లు, ఇంకోదాంట్ల వాళ్ల మిషన్ నీళ్లు, రెండిట్ల కరెంటు పుల్లలు ముంచి స్విచ్ వేస్తరు. కాసేపట్ల మీ గ్లాసు మురికి కాల్వ లెక్క అయ్యి పైన తెట్టె కడ్తది, వాళ్ల గ్లాసు తెల్లగనే ఉంటది. ఇంట్లోళ్లకు చెమటలు పడ్తయి, ఇన్ని రోజులు పిల్లలకు ఇదా తాగిచ్చినం అని అక్కడికక్కడే అడ్వాన్స్ ఇచ్చేస్తరు. అసలు సంగతి ఏందంటే ఆ పుల్లల్ల ఒకటి ఇనుపది, నీళ్లల్ల ఉప్పులుంటే కరెంటు పారుతది, పారితే ఇనుము కరిగి తుప్పు అయితది, ఆ రంగు పుల్లది, నీళ్లది కాదు. మిషన్ నీళ్లల్ల ఉప్పులు తక్కువ కాబట్టి కరెంటు సరిగ పారదు, అంతే. ఈసారి వస్తే వాళ్ల గ్లాసుల చిటికెడు వంటింటి ఉప్పేసి మళ్ల స్విచ్ వెయ్యమనండి, అదీ అట్లనే మారుతది, వాళ్లు సామాను సర్దుకుంటరు.

ఇగ రెండోది టీడీఎస్ మీటరు. పెన్ను అంత ఉంటది, ముంచంగనే నంబరు చూపిస్తది, నంబరు పెద్దగుంటే విషం, చిన్నగుంటే అమృతం అని జనాలల్ల పడిపోయింది. నా దగ్గరికి వచ్చేటోళ్లల్ల ఎక్కువ మంది అడిగే ముచ్చట ఇదే, మా ఇంట్ల 450 చూపిస్తుంది అన్నా, ఏ మిషన్ పెట్టాలె అని. నీళ్లల్ల కరిగిన ఉప్పులన్నీ కలిపి ఎన్నున్నయో ఆ మీటరు ఒక అంచనా చెప్తది గని అందులో ఏ ఉప్పు ఎంతుందో చెప్పది. ఐఎస్ 10500 అని మన దేశం తాగునీళ్ల లెక్క ఉంది, దాంట్ల టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల దాక మంచిదే, వేరే నీళ్లు దొరకని చోట 2000 దాక కూడ ఒప్పుకుంటరు. 500 లోపు ఉన్న చోట ఆర్‌ఓ మిషన్లు, అంటే మెంబ్రేన్ అనే సన్న పొర గుండ నీళ్లను నెట్టి ఉప్పులు తీసే మిషన్లు, వద్దు అని 2019ల ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) కూడ చెప్పింది, ఎందుకంటే ఇంట్ల పెట్టుకునే మిషన్ ఒక లీటరు ఇయ్యాలంటే రెండు మూడు లీటర్లు మోరీల పోస్తది.

మన జిల్లా వాళ్లకు ఇది ఇంకా బాగ తెల్వాలె, ఎందుకంటే మన గండం ఫ్లోరిన్, దానికి రంగు లేదు వాసన లేదు రుచి లేదు. ఒక లీటరుల 1 మిల్లీగ్రాము దాక ఉంటే పర్వాలేదు, 1.5 దాటితే తాగొద్దు. టీడీఎస్ 600 ఉన్న నీళ్లల్ల ఫ్లోరిన్ 3 మిల్లీగ్రాములు ఉన్నా ఆ మీటరుకు తేడా తెల్వది. పైగా ఇంకో మోసం ఉంది, క్యాల్షియం ఎక్కువుంటే అది ఫ్లోరిన్‌ను పట్టేస్తది, అందుకని ఫ్లోరిన్ ఎక్కువున్న బోర్లల్ల చాలసార్లు క్యాల్షియం తక్కువుంటది, సబ్బు మంచిగ నురగ వస్తది, నోటికి కమ్మగుంటయి, అబ్బ మా బోరు నీళ్లు ఎంత మంచియి అనుకుంటం. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి దిక్కు గ్రానైట్ రాళ్లల్ల నుంచి కరిగి వచ్చిన ఈ నీళ్లు ఎన్ని కాళ్లు వంచినయో, ఎన్ని నడుములు పట్టేసినయో ఈడ ఎవ్వలకు చెప్పే పని లేదు. 1996 పార్లమెంటు ఎన్నికలల్ల మన దగ్గర 480 మంది పోటీల ఉన్నరంటే ఈ నీళ్ల గోసను దేశానికి చూపియ్యడానికే.

ఇంకొకటి, కాచి చల్లార్చిన నీళ్లు అయితే భయం లేదని పెద్దోళ్లు అంటరు, క్రిములకు అది నిజమే, ఫ్లోరిన్‌కు మాత్రం ఉల్టా, నీళ్లు ఆవిరైపోయి ఫ్లోరిన్ గిన్నెలనే మిగుల్తది, ఇంకా చిక్కగ అయితది. క్యాండిల్ ఫిల్టరు, యూవీ లైటు ఫిల్టరు కూడ దాన్ని ఏం చెయ్యలేవు. ఆర్‌ఓ తీస్తది, యాక్టివేటెడ్ అల్యూమినా అని ఫ్లోరిన్‌ను పట్టుకునే సామాను ఉంటది, అదీ తీస్తది, నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తోని చేసిన పద్ధతి కూడ ఉంది, దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరు, ఆఫ్రికా దేశాలల్ల కూడ వాడిండ్రు. అయితే నాకు అర్థం కానిది ఒకటుంది, తాగేటందుకు ప్లాంటు నుంచి క్యాను తెచ్చుకుంటరు, అన్నం పప్పు మాత్రం బోరు నీళ్లతోని వండుతరు, చాయ్ కూడ దాంతోనే పెడ్తరు. రోజంతా కడుపులకు పోయే నీళ్లల్ల చాన మట్టుకు అట్లనే పోతయి కదా.

ఇప్పుడు సర్కారు ఇంటింటి నల్లా పథకం మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నయి, అది చిన్న మాట కాదు, మన దగ్గర కృష్ణా నీళ్లను శుద్ధి చేసి పంపుతున్నరు. మరి ఇంకా గొడవ ఎక్కడుందంటే ఆఖరి పది గజాలల్ల ఉంది. చాన ఇండ్లల్ల ఒక్కటే సంపు, నల్లా నీళ్లు దాంట్లనే, బోరు నీళ్లు దాంట్లనే. మంచి నీళ్లు తెచ్చి ఫ్లోరిన్ నీళ్లల్ల కలిపి, ఆ మీద ఆర్‌ఓ పెట్టి మళ్ల విడదీస్తున్నం. కొన్ని ఊర్లల్ల సప్లై రాని రోజు ఊరి ట్యాంకులనే బోరు నీళ్లు కలుపుతరని దుకాణానికి వచ్చేటోళ్లు చెప్తరు. ఇంట్ల అయితే దీనికి పరిష్కారం సులువు, నల్లా నీళ్లకు వేరే చిన్న ట్యాంకు, దాని నుంచి వంటింట్లకు ఒక్క పైపు ఒక్క ట్యాప్, బోరు నీళ్లు బట్టలకు బాత్రూంకు. ఆర్‌ఓ మిషన్ కన్న తక్కువల అయిపోతది, ఇది చెప్తే నాకు బేరం తక్కువైతది, అయినా చెప్తున్న.

నల్లాకు డైరెక్ట్ మోటరు బిగించుడు ఇంకో రోగం. నీళ్లు విడిచి విడిచి వస్తయి, పైపుల ప్రెషర్ లేనప్పుడు మోటరు గుంజితే, ఎక్కడో మోరీ పక్క నుంచి పోయే పైపుకు సందు ఉంటే ఆ మురికి కూడ లోపలికి వస్తది. వానకాలం వాంతులు విరేచనాలు ఒక్క గల్లీలనే వస్తున్నయంటే రోగులను డాక్టర్‌కు చూపియ్యాలె, ఎంటనే మోటర్లు కూడ చూడాలె.

మరి ఏ నీళ్లకు ఏం రోగమో ఇంట్లనే కొంత పట్టొచ్చు. బోరు నుంచి తెల్లగ వచ్చిన నీళ్లు బకీట్ల పొద్దటికి ఎర్రగ అయితే అది ఇనుము, గాలి తగిలెటట్టు పోసి, పేరుకోనిచ్చి వడగడ్తే చాన మట్టుకు పోతది, లేకపోతే ఐరన్ ఫిల్టర్ పెట్టుకోవాలె, నేరుగ ఆర్‌ఓకు పంపితే మెంబ్రేన్ తొందరగ పాడైతది. గీజరు రాడ్డుకు తెల్లగ పెచ్చులు కడ్తున్నయి, సబ్బు నురగ వస్తలేదు, కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా ఉడుకుతలేదు అంటే ఉప్పుల గట్టిదనం, దాంతోని మనిషికి ఏం కాదు, సామాన్లే ఖరాబైతయి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే ముందు చల్లనీళ్లు వేడినీళ్లు రెండూ వాసన చూడండి, ఒక్క వేడినీళ్లకే వస్తే గీజరు లోపలి మెగ్నీషియం రాడ్డు చూపియ్యాలె, రెండిట్ల వస్తే బోరు. గ్లాసుల పట్టంగనే పాల లెక్క తెల్లగ ఉండి నిమిషంల కింది నుంచి తేటపడితే అది ఉత్త గాలి, దానికి ఫోన్ చేసి నన్ను తిట్టొద్దు. క్లోరిన్ వాసన వస్తే అరగంట మూత తీసి పెట్టండి, ఆ వాసన ఉందంటే మందు వేసిండ్రనే, సంతోషపడాలె. ట్యాంకు కడిగినంక నీళ్లల్ల క్రిములు ఉన్నయని అనుమానమైతే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్, కలిపి అరగంట ఆగాలె, చెమ్మ తగిలి ముద్దకట్టిన పాత పౌడర్‌ల దమ్ముండదు.

కంటికి కనపడనియి మాత్రం ల్యాబుకే పోవాలె. ఫ్లోరిన్ ఒకటి, నైట్రేట్ ఇంకోటి, సెప్టిక్ ట్యాంకు పక్కన బోరు ఉంటే, చేన్లకు యూరియా ఎక్కువ చల్లే చోట అది వస్తది, లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిన నీళ్లతోని చిన్న పిల్లలకు డబ్బా పాలు కలపొద్దు, కాచినా తగ్గది. జల్ జీవన్ మిషన్ కింద ప్రభుత్వ నీళ్ల ల్యాబులల్ల మామూలు జనాలు కూడ కొద్ది ఫీజు కట్టి పరీక్ష చేపించుకోవచ్చు, ఊరికి ఐదుగురు ఆడోళ్లకు ఊర్లనే నీళ్లు పరీక్ష చేసే ఫీల్డ్ కిట్టు మీద ట్రైనింగ్ ఇయ్యాలని కూడ ఉంది. క్రిముల పరీక్షకు చిన్న సీసా ఉంటది, నీళ్లు పోసి పెడ్తే ఒకటి రెండు రోజులల్ల నల్లగ అయితే తాగొద్దని అర్థం. చదువు లేనోళ్లకు కూడ తెలుస్తది.

నేను అడిగేది రెండే. పెద్ద సార్లు ప్రతి ఊరి నీళ్ల ట్యాంకు మీద, పట్నంల ప్రతి వార్డు ట్యాంకు మీద ఫ్లోరిన్ ఎంత, నైట్రేట్ ఎంత, క్లోరిన్ ఎంత, ఏ తారీఖు చూసిండ్రు అని పెయింట్‌తోని రాపియ్యాలె, పరీక్షలు ఎట్లాగు చేస్తరు కదా, కాయితం ఆఫీసు అల్మారల ఎందుకు. రెండోది మీకు, జిల్లాల నీళ్ల ల్యాబు ఎక్కడుంది, ఏ రోజు శాంపిల్ తీసుకుంటరు, ఎంత ఫీజు, ఇది నెలకొకసారి మీ పేజీల వెయ్యండి. శాంపిల్‌కు లీటరు ప్లాస్టిక్ సీసా, అదే నీళ్లతోని రెండు మూడుసార్లు కడిగి నిండ పట్టాలె, క్రిముల పరీక్షకైతే ల్యాబోళ్లు ఇచ్చే సీసానే వాడాలె అని కూడ కింద ఒక లైన్ రాయండి.

ఇట్లు,
పైపుల దుకాణం నడిపే మీ పాఠకుడు,
నల్గొండ