గరిటెడు పిండి, చందమామ

చిట్టితల్లీ,

నిన్న ఫోనులో నువ్వు అడిగినదానికి "దూరం పెరిగితే బలం తగ్గుతుంది, అంతే" అని చెప్పి పెట్టేశాను. ఆ 'అంతే' అన్న మాట రాత్రంతా నన్ను పొడుస్తూనే ఉంది. దూరం వెళ్లేకొద్దీ భూమి ఆకర్షణ అలసిపోతుందా అని కదా నువ్వు అడిగావు? అలసిపోదమ్మా, పలచబడుతుంది.

పొద్దున దోసెలు పోస్తుంటే తట్టింది. గరిటెడు పిండిని జానెడు వెడల్పున తిప్పినప్పుడు ఒక మందం వస్తుంది. అదే పిండిని రెండు జానలకు లాగితే మందం నాలుగో వంతుకు దిగుతుంది, ఎందుకంటే అటూ రెట్టింపైంది, ఇటూ రెట్టింపైంది. పిండి మాత్రం చుక్క కూడా తగ్గలేదు. భూమి ఆకర్షణ అన్ని దిక్కులకూ గోళంలా పరుచుకుంటుంది. గోళం ఉపరితల వైశాల్యం కూడా వ్యాసార్థపు వర్గాన్ని బట్టే పెరుగుతుంది. అందుకే మూడింతల దూరంలో బలం తొమ్మిదో వంతు. నీ పుస్తకంలోని ఆకర్షణ సూత్రంలో దూరం నెత్తిన కూర్చున్న ఆ 2, మనం ఉన్న ఈ చోటుకు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్నందువల్ల వచ్చింది.

న్యూటన్ దీన్ని చందమామతో సరిచూసి, 1687లో అచ్చయిన తన గ్రంథంలో పెట్టాడు. చందమామ భూకేంద్రానికి మనకన్నా సుమారు 60 రెట్లు దూరం. అరవై అరవైలు 3600. మేడ మీద నుంచి వదిలిన రాయి మొదటి సెకనులో 4.9 మీటర్లు పడుతుంది. దాన్ని 3600తో భాగించు, 1.4 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ వస్తుంది. చందమామ తిన్నగా పోకుండా సెకనులో మనవైపు ఒరిగేది కూడా అంతే! కాలేజీలో ఈ లెక్క మొదటిసారి తేలినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. ఇప్పుడు రాస్తున్నా అలాగే ఉంది.

విద్యుత్ బలానిదీ ఇదే దారి. 1785లో ఫ్రాన్సులో కూలుంబ్ అనే శాస్త్రవేత్త, సన్నటి తీగకు వేలాడే కడ్డీ ఎంత మెలితిరిగిందో కొలిచి ఆ సంగతి తేల్చాడు.

ఒక్కటి గుర్తుంచుకో, దూరాన్ని భూకేంద్రం నుంచే కొలవాలి. 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతరిక్ష కేంద్రంలో ఆకర్షణ ఇంకా నూటికి 88 పాళ్లకు పైగా ఉంటుంది. వ్యోమగాములు తేలుతున్నట్టు కనిపించేది వాళ్లూ, కేంద్రమూ కలిసి పడుతూ ఉండటం వల్ల.

సెలవులకు వచ్చేటప్పుడు గళ్ల కాగితం తీసుకురా. అట్టముక్కకు ఒక గడి అంత రంధ్రం చేసి, ఫోను టార్చికి జానెడు దూరంలో నిలబెడదాం. వెనకాల కాగితాన్ని టార్చికి రెండు జానల దూరంలో ఒకసారి, మూడు జానల దూరంలో ఒకసారి ఉంచి, వెలుతురు పడిన గళ్లు నువ్వే లెక్కపెట్టు.

అమ్మ