మనోవిజ్ఞాన ప్రయోగాల వార్తల్లో ప్రయోగం రకమూ చెప్పాలి

సంపాదకులకు నమస్కారాలు.

పిల్లల జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, సెల్‌ఫోన్ అలవాటు వంటి విషయాల మీద వచ్చే వార్తల్లోనూ ప్రకటనల్లోనూ ‘పరిశోధనలో తేలింది’, ‘ప్రయోగపూర్వకంగా రుజువైంది’ అన్న మాటలు తరచుగా కనిపిస్తున్నాయి గానీ, ఆ ప్రయోగం ఏ రకానికి చెందినదో చెప్పే వాక్యం ఒక్కటీ ఉండడం లేదు. ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తేల్చేది ఆ రకమే కాబట్టి, చాలాకాలం బీఎడ్ విద్యార్థులకు మనోవిజ్ఞాన శాస్త్రం బోధించిన నేను దీన్ని చిన్న లోటుగా తీసుకోలేకపోతున్నాను.

ఈమధ్య గుంటూరులో ఒక శిక్షణ సంస్థ ఇంటింటికీ పంచిన కరపత్రాన్నే చూడండి. జ్ఞాపకశక్తి తరగతుల్లో చేరకముందు పిల్లలకు వచ్చిన మార్కులు ఒక వరుసలో, చేరిన తర్వాత వచ్చినవి పక్క వరుసలో వేసి, పెరిగిన మార్కులను ఎర్ర అక్షరాల్లో చూపించారు. ఆ రెండు పరీక్షల మధ్య బడిలో సిలబస్ పూర్తయి రివిజన్ జరిగి ఉంటుంది. ఫీజు కట్టిన తల్లిదండ్రులు సాయంత్రాలు పిల్లల పక్కన కూర్చుని చదివించి ఉంటారు. ఒక పరీక్షలో మరీ తక్కువ వచ్చిందని చేర్పించిన పిల్లవాడు తర్వాతి పరీక్షలో ఏ శిక్షణా లేకపోయినా తన మామూలు స్థాయికి వచ్చే అవకాశం ఎక్కువ. వీటన్నిటి నుంచి శిక్షణ ప్రభావాన్ని విడదీయాలంటే, చేరదలచిన పిల్లలనే లాటరీ తీసి రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఇప్పుడు, రెండో జట్టుకు కొన్ని నెలల తర్వాత శిక్షణ ఇచ్చి, ఎవరు ఏ జట్టువారో తెలియని ఉపాధ్యాయుల చేత పేపర్లు దిద్దించాలి. ఆ రెండో జట్టునే నియంత్రిత సమూహం అంటాము. అది లేని లెక్కను ప్రయోగమని పిలవడం తల్లిదండ్రులకు అన్యాయం చేయడమే.

లాటరీ వీలుకాని చోట ఉన్న సమూహాలనే పోల్చే పద్ధతి ఒకటుంది. మన ఎంఎడ్ విద్యార్థులు ఒక సెక్షన్‌కు కొత్త బోధన పద్ధతి, మరో సెక్షన్‌కు పాత పద్ధతి పెట్టి చేసేవి ఎక్కువగా ఈ కోవలోవే. మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టే బడుల్లో ఆ రెండు సెక్షన్లూ మొదటి నుంచే సమానం కావన్న సంగతి మాత్రం ఫలితంతో పాటు చెప్పి తీరాలి.

ప్రయోగం ఎక్కడ జరిగిందన్నదీ ముఖ్యమే. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ 1961లో మొదలుపెట్టిన ప్రయోగాల్లో, 1963లో ప్రచురించిన తొలి ఫలితాల ప్రకారం, 40 మందిలో 26 మంది అధికారి చెప్పాడని ఎదుటి మనిషికి 450 వోల్టుల వరకు విద్యుత్ షాక్ ఇస్తున్నామనుకుంటూ మీటలు నొక్కారు. ప్రయోగశాలలో ప్రతి పరిస్థితీ పరిశోధకుడి అదుపులో ఉంటుంది, కానీ బయటి జీవితంలోనూ మనుషులు అలాగే నడుచుకుంటారా అన్న ప్రశ్న మిగిలిపోతుంది. 1966లో హోఫ్లింగ్ బృందం ప్రచురించిన క్షేత్ర ప్రయోగం (ప్రయోగశాల బయట, నిజ జీవిత పరిస్థితుల్లో చేసేది) ఆ ప్రశ్నను ఆసుపత్రి వార్డుకే తీసుకువెళ్ళింది. ముఖపరిచయం లేని ‘డాక్టర్’ ఫోన్ చేసి, సీసా మీద రాసి ఉన్న గరిష్ఠ మోతాదుకు రెట్టింపు మందు ఇమ్మంటే, నిబంధనలకు విరుద్ధమైనా 22 మంది నర్సుల్లో 21 మంది ఇవ్వడానికి సిద్ధపడ్డారు. చక్కెర మాత్రలే గనుక, మధ్యలో ఆపేశారు గనుక ఎవరికీ హాని జరగలేదు.

పిల్లలను తల్లిప్రేమకు దూరం చేసి ఏమవుతుందో చూడడానికి ఎవరికీ హక్కు లేదు. రుమేనియా అనాథాశ్రమాల నుంచి 1990 దశకం తొలినాళ్ళలో బ్రిటన్‌కు దత్తత వెళ్ళిన పిల్లలను మైకేల్ రట్టర్ బృందం ఏళ్ళ తరబడి పరిశీలించి, ఆరు నెలల వయసు దాటాక కూడా ఆ ఆశ్రమాల్లో గడిపినవారిలోనే దీర్ఘకాలిక ఇబ్బందులు ఎక్కువని గుర్తించింది. సహజ ప్రయోగమంటే ఇదే: పరిశోధకుడు ఏమీ మార్చడు, జరిగినదాన్ని శ్రద్ధగా పోలుస్తాడు.

ఏ రకమైనా ఒక్కసారి చేసినంత మాత్రాన సరిపోదు. 2015లో ప్రచురితమైన ఒక పెద్ద ప్రయత్నంలో, పరిశోధన పత్రికల్లో వచ్చిన 100 మనోవిజ్ఞాన అధ్యయనాలను మళ్ళీ చేసి చూస్తే గణాంకపరంగా చెప్పుకోదగిన, అంటే కేవలం యాదృచ్ఛికమని తేలిగ్గా కొట్టివేయలేని, ఫలితం సుమారు 36 శాతంలోనే వచ్చింది. కాబట్టి ఇలాంటి వార్త వేసేటప్పుడు ఎంతమంది మీద, ఎక్కడ చేశారు, జట్లను లాటరీ ద్వారా విభజించారా, వేరొకరు మళ్ళీ చేసి చూశారా అన్న వివరాలు రెండు వాక్యాల్లో ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. పిల్లల మీద చేసినదైతే తల్లిదండ్రుల అనుమతి తీసుకున్నారో లేదో కూడా రాయాలి. తరగతిలో ప్రశ్నావళులు పంచి నింపించుకుని, ఇంట్లో ఒక్క మాటైనా చెప్పని బడులు మన ప్రాంతంలో ఉన్నాయి. వేసవిలో అడ్మిషన్ల సమయంలో వెలువడే విద్యా అనుబంధాల నుంచే దీన్ని మొదలుపెడితే తల్లిదండ్రులకు ఎక్కువ ఉపయోగం.

భవదీయుడు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు.