కేటగిరీ చెట్టులో లెక్క తప్పుతోందన్నావు కదా

ఒరేయ్,

నీ ఉత్తరం చదివాను. కేటగిరీ పక్కన 40 అని కనిపిస్తుంది, తెరిస్తే 37 ఉంటాయి, ఆ మూడూ ఎక్కడ తేడా కొట్టాయో అంతుపట్టడం లేదన్నావు. తీరిగ్గా రాస్తున్నా, కోడ్ పక్కన పెట్టుకుని చదువు.

ముందు ఒకటి తేల్చుకో. కేటగిరీ టేబుల్‌లో కౌంట్ దాచే కాలమ్‌లో ఉన్నది నేరుగా ఆ కేటగిరీలో ఉన్న ఐటమ్‌ల లెక్కా, దాని కింది కేటగిరీలన్నిటితో (పిల్లలతో) కలిపిన లెక్కా? రెండూ కావాలంటే రెండు కాలమ్‌లు పెట్టు. ఒకే కాలమ్‌ని ఒకచోట ఇలా, ఇంకోచోట అలా వాడావంటే దాన్ని బాగుచేయడం ఎవరి తరమూ కాదు. డ్రాఫ్టులు, అంటే ఇంకా ప్రచురించని ఐటమ్‌లు, లెక్కలోకి వస్తాయో రావో కూడా ఇప్పుడే రాసిపెట్టుకో.

కౌంట్ చదివి, ప్రోగ్రాంలో ఒకటి కలిపి, తిరిగి రాయొద్దు. ఇద్దరు ఒకేసారి 40 చదివితే ఇద్దరూ 41 రాస్తారు, ఒకటి గల్లంతు. కౌంట్ = కౌంట్ + 1 అని అప్‌డేట్‌లోనే ఉండాలి, అదీ ఐటమ్ చేరే ట్రాన్సాక్షన్‌లోనే (జరిగితే అన్నీ జరిగే, లేకపోతే ఏదీ జరగని మార్పుల గుంపు).

అసలు చిక్కంతా ఒక కేటగిరీని ఇంకోదాని కిందకి కదిపినప్పుడే. ఇక్కడి లెక్కలు పిల్లలతో కలిపినవి. పుస్తకాలు 200, దాని కింద సాహిత్యం 95, అందులో కథలు 40, అందులో జానపదం 12 అనుకో. పుస్తకాల కిందే పిల్లలవి 30 ఉన్నాయి. జానపదాన్ని తీసి పిల్లలవాటిలో పెట్టావు. కథలు 28, సాహిత్యం 83, పిల్లలవి 42 కావాలి. పుస్తకాలు 200 అలాగే ఉండాలి. చాలామంది కోడ్‌లో కొత్త తల్లికి 12 కలుస్తుంది, పాత తల్లికి తగ్గుతుంది, ఆపై ఉన్న సాహిత్యాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. పాత దారి, కొత్త దారి రెండూ చెట్టు మూలం (అన్నిటికన్నా పై కేటగిరీ) వరకూ తీసుకుని, రెండింటిలోనూ ఉన్న పూర్వీకుల్ని (పై కేటగిరీల్ని) వదిలేసి మిగతావే మార్చు. కేటగిరీని దాని పిల్లల కిందకే కదపకుండా అడ్డు పెట్టడం మరిచిపోకు, అలా జరిగితే చెట్టు వలయమైపోతుంది.

ఐటమ్‌ని ఎడిట్ చేసినప్పుడు కేటగిరీ, స్థితి (డ్రాఫ్టా, ప్రచురించిందా అన్నది) రెండూ ఒకేసారి మారొచ్చు. అందుకే ప్రతి ఎడిట్‌నీ పాతదాన్ని తీసేసి కొత్తదాన్ని చేర్చినట్టు లెక్కగట్టు. పాతది లెక్కలో ఉంటేనే పాత దారిలో తగ్గించు, కొత్తది లెక్కలోకి వస్తేనే కొత్త దారిలో పెంచు.

డెడ్‌లాక్ సంగతి. ఒక ట్రాన్సాక్షన్ కథల నుంచి పైకి, ఇంకోటి పై నుంచి కిందికి లాక్ చేస్తూ పోతే రెండూ ఎదురుపడి ఆగిపోతాయి. పూర్వీకుల్ని ఐడీ వరుసలో సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో (వరుసల్ని చదువుతూనే లాక్ చేసే క్వెరీ) పట్టుకుని, ఆ తర్వాతే మార్చు. అన్నిటికన్నా పై కేటగిరీ రికార్డు మీద మరీ తాకిడి ఉంటే కౌంట్‌ని వెంటనే మార్చకుండా +1, -1 వరుసల్ని వేరే టేబుల్‌లో వేస్తూ, మధ్యమధ్యలో కూడి కలపడం మేలు.

కౌంట్ మారకుండానే ఐటమ్‌లు పోయే దొంగదారులు కూడా చూడు. రైల్స్ ఫ్రేమ్‌వర్క్‌లో డిలీట్ ఆల్ కాల్‌బ్యాక్‌లను (తీసివేతతో పాటు తనంతట నడిచే కోడ్‌ను) పిలవదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఫారిన్ కీ క్యాస్కేడ్ వల్ల, అంటే తల్లి వరుసతో పాటు వాటంతటవే పోయిన వరుసలకు, ట్రిగ్గర్ (డేటాబేస్ తనంతట నడిపే కోడ్) నడవదు.

తప్పిన కౌంట్‌ని దిద్దడానికి మళ్లీ లెక్కపెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒకే అప్‌డేట్‌లో సబ్‌క్వెరీ (లోపలి క్వెరీ) పెట్టి లెక్కిస్తే, లాక్ కోసం ఆగినా ఆ సబ్‌క్వెరీ పాత స్నాప్‌షాట్‌నే (స్టేట్‌మెంట్ మొదలైనప్పటి డేటానే) చూస్తుంది, తప్పు లెక్క మళ్లీ ఎక్కుతుంది. రీడ్ కమిటెడ్‌లో (ప్రతి స్టేట్‌మెంట్ అప్పటికి ఖాయమైన డేటాను కొత్తగా చూసే పద్ధతి) ముందు కేటగిరీ వరుసను లాక్ చెయ్యి, తర్వాత వేరే స్టేట్‌మెంట్‌గా లెక్కపెట్టు, ఆపై రాయి.

దిద్దే ముందు మాత్రం దాచిన కౌంట్‌కీ అసలు కౌంట్‌కీ ఉన్న తేడాను కేటగిరీల వారీగా తీసి నాకు పంపు. దాచింది ఎక్కువుంటే తీసివేతల దారుల్ని ముందు వెతుకు. తక్కువుంటే ఒకేసారి వందలకొద్దీ చేర్చే ఇంపోర్ట్‌ని చూడు. ఒకచోట +12, ఇంకోచోట -12 కనిపిస్తే అది కదపడంలో జరిగిన తప్పు కావచ్చు.

నీ
మిత్రుడు