పాఠం చెప్పబోయే బావకి

విజయనగరం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. శ్రీకాకుళంలో హాలు దొరికిందని, సంక్రాంతి వెళ్లాక పాశ్చాత్యుల బ్యాలే క్లాసు మొదలెడతానని రాశావు. చాలా సంతోషం. కానీ చివర్లో ఓ ముక్క తగిలించావు చూడు, "ఇన్నేళ్లు స్టేజీ మీద ఆడినోడికి పిల్లలకి చెప్పడం ఏటి కష్టం" అని. దాని గురించే ఈ ఉత్తరం. కాస్త పొడుగ్గానే ఉంటుంది, టీ పెట్టుకుని కూర్చో.

అసలు కష్టం ఏటంటే, నీకు అన్నీ వచ్చు. ఎలా వచ్చాయో మాత్రం నీ ఒంటికి గుర్తులేదు. నువ్వు రెలెవే, అదే కాలివేళ్ల మీదికి లేస్తే మడమ, పిక్క, తుంటి, నడుము అన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి. ఎదురుగా ఉన్న ఎనిమిదేళ్ల గుంటకి అవేవీ సర్దుకోవు. నువ్వు ఇంకా బాగా చేసి చూపిస్తావు. ఆ పిల్ల ఇంకా తప్పు చేస్తుంది. చూసినదాన్ని పైపైన దించేసుకుంటుంది కాబట్టి.

రష్యా బ్యాలే డ్యాన్సరు అగ్రిప్పినా వాగనోవా పేరు నీకు కొత్త కాదు గానీ, ఆవిడ ఆట సంగతి కన్నా పాఠం సంగతి చూడు. 1879లో పుట్టింది. 1897లో పీటర్స్‌బర్గ్ స్కూలు నుంచి బయటికొచ్చింది. అక్కడ పై మెట్టు అయిన బాలెరీనా హోదా 1915 దాకా రాలేదు, 1916లో స్టేజీ దిగిపోయింది. అన్నేళ్లూ ఆవిడ చేసిన పని, తన ఒళ్లు ఏది ఎందుకు చెయ్యట్లేదో విడదీసి చూసుకోవడం. 1921లో అదే స్కూల్లో పాఠం చెప్పడం మొదలెట్టింది. సెమ్యోనోవా, ఉలనోవా, దుదిన్‌స్కయా లాంటి పేరుమోసిన డ్యాన్సర్లు ఆ చేతి కిందే తయారయ్యారు. 1957లో ఆ స్కూలుకి ఆవిడ పేరే పెట్టారు. సులువుగా వచ్చినవాడి కన్నా తంటాలు పడి నేర్చుకున్నవాడే మంచి మేస్టారవుతాడని నా లెక్క. నీకు సులువుగా వచ్చింది కాబట్టి నీకు పని ఎక్కువ.

ఇక హాలు. టైల్స్ వేసి ఉందన్నావు. ఆ టైల్స్ మీద ఒక్క గెంతు కూడా గెంతించకు. కింద కాంక్రీటు ఉంటే ఆ దెబ్బంతా తిరిగి ముంగాళ్లకీ మోకాళ్లకీ వస్తుంది. రెండు మూడు నెలల్లో పిల్లలు కాలి ముందెముక నొప్పని మొదలెడతారు. నీ హాలు 20 అడుగులకి 25, అంటే 500 చదరపు అడుగులు. ప్లైవుడ్ షీటు 8కి 4, అంటే 32. ఒక పొరకి 16 షీట్లు పడతాయి. 12 మి.మీ. మందంవి రెండు పొరలు వెయ్యి, మొత్తం 32. కింద అడుగుకొకటి చొప్పున రబ్బరు దిమ్మలు అతికించు. పై పొర అతుకులు కింది పొర అతుకుల మీద పడకుండా అడ్డంగా తిప్పి పరిపించు. షీటుకీ షీటుకీ మధ్య 3 మి.మీ., గోడ దగ్గర 12 మి.మీ. ఖాళీ వదలమను. వడ్రంగి "ఎందుకు సార్, దగ్గరగా బిగించేస్తాను" అంటాడు. వినకు. మన సముద్రపు గాలికి వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది, ఖాళీ లేకపోతే మధ్యలో పొంగుతుంది. నీళ్లకి ఆగే రకం ప్లై తీసుకో, చెదల మందు ముందే కొట్టించు. స్క్రూల తలలు లోపలికి దిగాలి. పైన డ్యాన్సుకి వాడే వినైల్ షీటు పరిచాక చేత్తో నిమిరి చూడు, ఎక్కడా గుచ్చుకోకూడదు.

వినైల్ మీద రోజిన్ చల్లకు. మనూళ్లో వయొలిన్ కమానుకి రాసే చెట్టు జిగురు లాంటిదే అదీ. చెక్క మీద జారకుండా పట్టిస్తుంది గానీ, వినైల్ మీద చెమటతో కలిసి ఉండలు కట్టి, ఓచోట అతుక్కుని ఓచోట జారుతుంది. గుమ్మం దగ్గర తడిగుడ్డ వెయ్యి. బూటు అడుగు దాని మీద రాసి రమ్మను, చాలు.

గోడ పక్కన చెయ్యి ఆనించే కమ్మీ, అదే బార్, టేకుతో చేయించు, అంగుళంన్నర లావు. ఇనప గొట్టం మీద చెమట చెయ్యి జారుతుంది. పిల్లలకి 32 అంగుళాల ఎత్తులో ఒకటి, పెద్దవాళ్లకి 42లో ఇంకోటి, గోడకి 8 అంగుళాల దూరంలో. బార్‌ని పట్టుకోకూడదు, దాని మీద చెయ్యి పెట్టాలి. బొటనవేలు కూడా మిగతా వేళ్లతో పాటు పైనే ఉండాలి. బస్సులో కమ్మీ పట్టుకున్నట్టు పట్టుకున్న పిల్ల, బార్ వదిలిన రోజు నిలబడలేదు. అద్దాలు ఒక గోడకి చాలు, దానికీ తెర ఉండాలి. వారానికోసారి ఆ తెర వేసెయ్యి. తన కాలు తనకి ఎక్కడుందో చూడకుండా తెలియాలి కదా.

నీ దగ్గరికొచ్చే వాళ్లలో సగం మంది అప్పటికే కూచిపూడో భరతనాట్యమో ఒకటి రెండేళ్లు నేర్చుకుని ఉంటారు. అది వరమే గానీ, రెండు చోట్ల అడ్డం తగులుతుంది.

మొదటిది అరమండి. బయటికి చూస్తే బ్యాలేలో ప్లియే కూడా అలాగే ఉంటుంది, మోకాళ్లు పక్కలకి వంగడం, వీపు నిటారు. పిల్లలు "ఇది మాకొచ్చు సార్" అనేస్తారు. అరమండిలో కూర్చుని ఉండాలి, అక్కడే ఆడాలి. ప్లియేలో అడుగున ఆగడం లేదు. దిగడం ఎంతసేపో లేవడం అంతసేపు, అడుక్కి చేరగానే పైకి మళ్లాలి. బావిలో చేద నీళ్లకి తగలగానే తాడు లాగుతాం చూడు, అలాగ. అడుగున కూర్చుండిపోతే తొడలు బిగుసుకుంటాయి, గెంతుకి కావలసిన స్ప్రింగు పోతుంది. లెక్కలో చెప్పు: నాలుగు దిగడం, నాలుగు లేవడం, నాలుగో లెక్క మీద ఎవరూ బొమ్మలా నిలబడకూడదు.

ఇదే చోట మోకాలు కూడా చూడు. మోకాలి చిప్ప రెండో కాలివేలికి సరిగ్గా పైన ఉండాలి. లోపలికి పడితే పాదాలు తుంటి తిరిగినదానికన్నా ఎక్కువ బయటికి తిప్పేశారన్నమాట. తిప్పు రావాల్సింది తుంటి కీలు నుంచి. అక్కడ రానిది నేల మీద పాదం రుద్ది తెచ్చుకుంటే, ఆ మెలి మోకాలి మీద పడుతుంది, పాదం లోపలివైపు వంపు చచ్చుబడి నేలకి ఆనుతుంది. కనిపెట్టడం తేలికే. చిటికెన వేలు నేల వదిలి, బొటనవేలి కింద చర్మం తెల్లబడితే అదే. ఒక్కో పిల్లనీ పాదాలు జతగా, మోకాళ్లు నిటారుగా నిలబెట్టు. కాలివేళ్లు పైకెత్తి మడమల మీద బయటికి తిరగమను. వేళ్లు దింపాక పాదాలు ఎక్కడున్నాయో అదే ఆ పిల్ల సొంత తిప్పు. పాదాలు రెండూ ఒకే గీతలో పడే నూట ఎనభై డిగ్రీలు ఎవరినీ అడగకు. ఆ పాప తల్లి ఫోనులో చూసి అడిగినా సరే.

రెండోది పాదం. మన నాట్యంలో తట్టు గట్టిగా పడాలి, గజ్జె పలకాలి. ఇక్కడ గెంతి దిగినప్పుడు చప్పుడు రాకూడదు. వేళ్లు, వేళ్ల కింది కండ, మడమ, వెంటనే ప్లియే, అదీ వరస. మడమ తప్పకుండా నేలకి తగలాలి. చప్పుడు రాకూడదన్నారని మడమ గాలిలోనే ఉంచేస్తే పిక్కలు రాళ్లవుతాయి, మడమ వెనక నరం నొప్పి మొదలవుతుంది. గెంతేటప్పుడు పాట ఆపెయ్యి, వట్టి పాదాల చప్పుడే విను. ఎవరు తప్పు దిగుతున్నారో వెనక్కి తిరిగి ఉన్నా తెలిసిపోతుంది.

లాభం ఎక్కడంటే తాళం దగ్గర. వాల్ట్‌జ్ అంటే ఏంటో చెప్పడానికి పావుగంట వృథా చెయ్యకు. తకిట అను, మొదటి అక్షరం మీద బరువెయ్యి, చాలు. కాలు నేల మీద చాచే తాండ్యూకి తకధిమి. తిశ్రం చతురశ్రం చేతిలో ఉన్న పిల్ల పియానో వినగానే అందుకుంటుంది.

ఆ ఫ్రెంచి మాటలకి అర్థం చెప్పడం మాత్రం మానకు. ప్లియే అంటే వంచినది, తాండ్యూ అంటే చాచినది, ఫోండ్యూ అంటే కరిగినది, ఫ్రాపే అంటే కొట్టినది. వెన్న కరిగినట్టు దిగాలని ఫోండ్యూ దగ్గర ఒక్కసారి అంటే, తర్వాత ఎవరూ కుదుపుతో వంగరు. తల్లిదండ్రులకి ఇంకో మాట చెప్పాలి. మన దగ్గర కరపత్రాల మీద బ్యాలే అంటే నృత్యరూపకం కదా. "మా పాపకి కృష్ణుడి వేషం ఎప్పుడండీ" అని అడుగుతారు. నవ్వకు, ఓపిగ్గా చెప్పు. "మన నాట్యం ఉండగా ఇదెందుకు" అనేవాళ్లూ ఉంటారు. భరతనాట్యం రుక్మిణీదేవి కూడా రష్యా డ్యాన్సరు అన్నా పావ్లోవా బృందంలోని క్లియో నోర్డి దగ్గర బ్యాలే నేర్చుకుంది, మన నాట్యం వైపు చూడమని ఆవిడకి చెప్పింది పావ్లోవాయే. ఆ తర్వాతే రుక్మిణీదేవి మద్రాసులో కళాక్షేత్ర నాట్యబడి పెట్టింది, 1936లో. ఒకటి నేర్చుకుంటే ఇంకోటి పోదని చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి.

క్లాసు గంటసేపు, వారానికి రెండుసార్లు, బ్యాచికి పన్నెండు మంది. అంతకు మించి చేర్చుకుంటే వెనక వరస పాదాలు నీకు కనపడవు. మొదటి ఏడాది బార్ వైపు తిరిగి రెండు చేతులూ పెట్టించు, రష్యా పద్ధతిలో చిన్నపిల్లలకి అలాగే మొదలెడతారు. నువ్వు వాళ్లవైపు తిరిగి చూపించేటప్పుడు అద్దంలా చెయ్యాలి. నోటితో "కుడికాలు" అంటూ నీ ఎడమకాలు తియ్యాలి. వినడానికి తేలికే, చేస్తే మెదడు మెలిక పడుతుంది. ఇంట్లో ఓ వారం అలవాటు చేసుకుని వెళ్లు. తప్పు దిద్దాలంటే లెక్క మొదలయ్యే ముందే చెప్పు, మధ్యలో అరవకు. చెయ్యి వేసి దిద్దేముందు ఆ పిల్లని అడుగు, తల్లిదండ్రులకి చేరేరోజే చెప్పు, తలుపు తెరిచే ఉంచు.

ఫీజులూ రసీదులూ నీకే వదిలేస్తున్నా. మార్చిలో పరీక్షలకి సగం క్లాసు ఖాళీ అవుతుందని మాత్రం లెక్కలో పెట్టుకో.

ఇక పాయింట్ బూట్లు, కాలివేళ్ల కొసల మీద నిలబడేవి. గొడవ వచ్చేది ఇక్కడే. చేరిన ఆర్నెల్లకే అడుగుతారు, ఫోటో కోసం. పదకొండు పన్నెండేళ్లు రాకుండా, అప్పటికి కనీసం మూడేళ్లు తిన్నగా నేర్చుకోకుండా ఇవ్వకు. పాదం ఎముకలు ఇంకా ముదరవు. వయసొక్కటే చాలదు. ఒంటికాలి మీద మోకాలు వంచకుండా ఇరవైసార్లు రెలెవే లేవాలి, చీలమండ పక్కకి ఒరగకూడదు. కూర్చోబెట్టి కాలు చాపించి, చీలమండ మీద పెన్సిల్ పొడవుగా పెట్టి చూడు. ముంగాలికీ పాదానికీ రెండింటికీ ఆని నిలవాలి. మధ్యలో తేలిపోతే పాదం ఇంకా సాగాలి.

పాదం పెరుగుతుందని ఒక సైజు పెద్ద బూటు కొనే అలవాటు మనకి బడి బూట్ల నుంచి ఉంది. ఇక్కడ పనికిరాదు. లోపల పాదం జారితే బరువంతా బొటనవేలి గోరు మీద పడుతుంది. రిబ్బను కుట్టడం నువ్వే చూపించు. మడమ భాగాన్ని లోపలికి మడిస్తే మడత ఎక్కడ పడుతుందో అక్కడ పెన్సిల్ గీత, రిబ్బను ఆ గీతకి ఆనుకుని ముందుకి కాస్త వాలి ఉండాలి. అంచులో దారం వెళ్లే గొట్టంలోంచి సూది పోనివ్వకు, పోతే బిగించే దారం ఇక కదలదు. మామూలు దారం తెగుతుంది, పళ్ల మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్‌తో కుట్టమను. రిబ్బను కొసలు అగ్గిపుల్ల చూపించి కొంచెం కరిగించు, పీచు లేవదు. ముడి లోపలివైపు, చీలమండ ఎముకకీ వెనక నరానికీ మధ్య ఉన్న గుంటలో పడాలి, కొసలు లోపలికి దోపాలి. నరం మీదే ముడేస్తే రెండు రోజుల్లో వాచిపోతుంది.

ఇంకో సంగతి, ఈ బూటు ముక్కు గట్టిగా ఉండేది గుడ్డ పొరల్నీ జిగురునీ కలిపి ఎండబెట్టడం వల్ల. మన కోస్తా చెమటకి ఆ జిగురు మెత్తబడుతుంది. వాడగానే ప్లాస్టిక్ కవర్లో కుక్కితే రెండో వారానికి అప్పడం అయిపోతుంది. గుడ్డ సంచిలో పెట్టి ఫ్యాను కింద వేలాడదీయమను, వీలైతే రెండు జతలు మార్చి మార్చి వాడమను. మొదట్లో క్లాసు చివర పది నిమిషాలే, రెండు చేతులూ బార్ మీదే, లేవడం దిగడం తప్ప ఇంకేమీ వద్దు.

నీ మోకాలి సంగతి కూడా రాశావు. పారిస్ ఒపేరాలో డ్యాన్సర్లకి 42 ఏళ్లకే పదవీ విరమణ, మన సర్కారు గుమాస్తాకి 62. నువ్వు ఆ రెంటికీ మధ్యలో ఉన్నావు కాబట్టి, చల్లటి ఒంటితో గ్రాండ్ ప్లియే (పూర్తిగా కిందికి దిగే ప్లియే) చూపించడం లాంటి వీరంగాలు వద్దు. చేతులనే పాదాలుగా చేసి చూపించు. ఆ రోజు బాగా చేసిన పిల్లని ముందు నిలబెట్టి చేయించు. రోజుకి మూడు బ్యాచిలకి మూడుసార్లు నువ్వే పూర్తిగా గెంతావంటే ఉగాదికి మళ్లీ మంచం మీదుంటావు.

పరీక్షలు పెట్టించాలంటే లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్యాన్స్ వాళ్ల గ్రేడ్లు ఉన్నాయి, 1 నుంచి 8 దాకా. వాళ్ల దగ్గర నమోదైన టీచరే పిల్లల్ని పంపగలడు కాబట్టి ముందు నీ సర్టిఫికెట్ పని చూసుకో. మొదటి రెండేళ్లు ఆ జోలికి పోకపోయినా నష్టం లేదు.

వడ్రంగిని పిలిచే ముందు హాలు నాలుగు మూలలా కొలిచి కొలతలు పంపు. పాత కట్టడం అన్నావు, మూలలు సరిగ్గా ఉండవు. గుమ్మం ఎత్తు కూడా కొలువు, రబ్బరు దిమ్మలూ రెండు పొరలూ వేశాక తలుపు లోపలికి తెరుచుకుంటుందో లేదో చూడాలి. అమ్మకి నా నమస్కారాలు చెప్పు. వచ్చేటప్పుడు పొందూరు నుంచి ఆ తువ్వాళ్లు మర్చిపోకు.

ఇట్లు,
నీ బావ